ఇనుపగురియా, దుర్భిణిగురియా?

చెరకు ఏపుగా ఎదిగినచోట అడవిపందికి మేతయు దొరకును, పగలు దాగుటకు చోటును దొరకును. ఏటికొప్పాక మొదలుకొని ఎలమంచిలి చుట్టుపట్టుల చెరకు పండించు మా పాఠకులకు ఈ మాట విశదీకరింప బనిలేదు. పందిబాధ ప్రస్తావన వచ్చినపుడెల్ల తుపాకి ప్రస్తావనయు వచ్చుట సహజము. ఆ వెంటనే గొట్టముపై ఇనుపగురియే చాలునా, దుర్భిణి బిగింపవలెనా యను ప్రశ్న పుట్టుచున్నది. ఇది వేటసరదా గలవారి ముచ్చటయని కొందరు త్రోసివేయవచ్చును. కాని సందెచీకటివేళ చెరకులో కదలునది పందియో, నీరుకట్ట వచ్చిన పాలేరో తేల్చుకొనవలసిన ప్రశ్నను సరదా యనుటకు మాకు మనసొప్పదు.

ముందు చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1959వ సంవత్సరపు ఆయుధచట్టము 13వ సెక్షనులో పంటకావలికై పేర్కొనబడినది గొట్టపు మూతినుండి మందుకూరు తుపాకి. ఆత్మరక్షణకు, క్రీడకు చెప్పబడినది 20 అంగుళములకు తక్కువకాని నున్నని గొట్టముగల తుపాకి. రైఫిలు కావలెనన్నవాడు తగిన కారణము చూపి అధికారిని ఒప్పింపవలెను. కావున మన రైతులలో ననేకులకు ఈ ప్రశ్నయే పుట్టనక్కరలేదు. మందుకూరు తుపాకి గుండు కొంతదూరము పోయినపిదప ఎటు తిరుగునో గొట్టమునకే తెలియదు. అట్టిదానిపై వేలరూపాయల అద్దము బిగించుట ఎడ్లబండికి రైలింజను దీపము కట్టుటవంటిది. మరియొక సంగతి: తుపాకికి లైసెన్సు ఉన్నంత మాత్రమున పందిని చంపుటకు అనుమతి యున్నట్లు కాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముక్రింద పైరు పాడగుచున్నను ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని యొక్కగాని, అతడు అధికారమిచ్చిన యుద్యోగి యొక్కగాని వ్రాతపూర్వకమైన అనుమతి వలయును.

ఇక రైఫిలు గలవారి మాట. ఇనుపగురిలో వెనుకగాడి, గొట్టపుకొననున్న మొలక, దూరముననున్న గురి, ఈ మూడును ఒక్క వరుసకు రావలెను. కన్ను ఒక్కమారు ఒక్కదూరమునే స్పష్టముగా చూడగలదు. అందుచే మొలకను స్పష్టముగా చూచి, గాడిని గురిని కొంత మసకగా వదలుటయే నేర్పరుల పద్ధతి. గాడికి మొలకకు నడుమ 60 సెంటీమీటర్ల యెడమున్న రైఫిలులో మొలక ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు జరిగిన, 100 మీటర్ల దూరమున గుండు సుమారు 17 సెంటీమీటర్లు తప్పును. పందికి ప్రాణము పోవుచోటికి, ప్రేగులు చీలి అది పొదలలోబడి దినములతరబడి హింసపడుచోటికి నడుమ అంతకంటె నెక్కువ దూరముండదు.

దుర్భిణిలో ఈ చిక్కు లేదు. గురిగీతలును గురియును ఒక్క దూరముననే యున్నట్లు కనబడును. నలుబదియేండ్లు దాటి చత్వారము వచ్చినవారికి మొలక యెంత చేయిచాచి చూచినను మసకయే. అట్టివారు దుర్భిణిని చిన్నతనముగా నెంచుట, కంటియద్దములు పెట్టుకొనుటకు సిగ్గుపడి తప్పుడు దస్తావేజుపై సంతకము చేయుటవంటిది. తండ్రితాతల కాలమున అద్దములెక్కడివని మీసము దువ్వువారిని మేమెరుగుదుము. తండ్రితాతలు ఎన్ని జంతువులను గాయపరచి విడిచిరో లెక్క వ్రాసినవారు లేరు.

అయినను అద్దముతో వచ్చు చిక్కులును కలవు. పెద్దగా చూపునది కొద్దిమేరనే చూపును. పందిచెవి చక్కగా కనబడుచుండగా దాని ప్రక్కగట్టుపై నిలచిన మనిషి కనబడకపోవచ్చును. రైఫిలుగుండు తప్పిపోయిన మైలుకు పైబడి పోగలదు, నడుమ నెవరున్నారో అది విచారింపదు. కన్ను అద్దమునకు మరీ దగ్గరయైన కాల్చినంతనే కనుబొమ చిట్లును. బండిలో నొక్క దెబ్బ తగిలిన గురి చెడును, చెడినట్లు పైకి తెలియదు. సముద్రపుగాలి తగులు మన సీమలో వానకాలమున అద్దమునకు ఆవిరి పట్టును, కనిపెట్టి తుడిచి దాచనిచో బూజును పట్టును. అన్నిటికంటె అపాయమైనది, దూరమున నున్నదేమో చూచుటకు తుపాకి దుర్భిణినే ఎత్తుట. నిండిన గొట్టమును ముందుగా మనుష్యునిపైకి త్రిప్పి, ఆపిదప వాడు మనుష్యుడని గ్రహించు తెలివి మనకు వలదు. చూచుటకు వేరొక చేతిదుర్భిణి కొనుక్కొనవచ్చును.

అద్దమే విద్య యనుకొనువారికి కొన్ని దృష్టాంతములు చెప్పుదుము. 1914-15లో ఫ్రాన్సు కందకములలో జర్మనులు దుర్భిణి రైఫిళ్లతో బ్రిటిషుసేనను ముప్పుతిప్పలు పెట్టగా, బ్రిటిషువారును తొందరపడి తమ .303 రైఫిళ్లకు అద్దములు తగిలించిరి. పైనుండి తూటాలు నింపుటకు అడ్డురాకుండ వానిని ఎడమప్రక్కకు జరిపి బిగించిరి. కందకపు ఇనుపపలకలోని సన్నని రంధ్రమున గొట్టమునకు దారి యుండెను, అద్దమునకు దారి లేకపోయెను! మరి 1939-40 శీతకాలమున ఫిన్లండు దేశపు రైతు సీమో హైహా ఇనుపగురితోనే ఐదువందలమందికి పైగా శత్రువులను పడగొట్టెనని ప్రసిద్ధి. అద్దము ఎండకు మెరయును, చలికి మసకబారును, తల పైకెత్తించును గనుక అతడది వలదనెను. హైదరాబాదువాసి గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిరు రైఫిలు పందెమున కాంస్యపతకము గెలిచినదియు దుర్భిణి లేకయే. ఆ పందెమున దుర్భిణి నిషిద్ధము, వెనుక సూదిబెజ్జమువంటి గురిరంధ్రము మాత్రముండును. పదిమార్కుల చుక్క వెడల్పు అరమిల్లీమీటరు! ఆ రంధ్రపుగురి మన రైతులకు తెలియకపోవుట శోచనీయము. చిన్నరంధ్రమునుండి చూచినపుడు దగ్గరిది దూరపుది రెండును కొంత తేటపడును గనుక, చత్వారపు తొలియేండ్లలో అద్దము ఖర్చు లేకుండ అది చాలవరకు పని తీర్చును.

ఈ విద్య మనకు దూరమగుటకు కారణము మన తెలివితక్కువ గాదు. 1878వ సంవత్సరపు ఆయుధచట్టము తెల్లవారికి మినహాయింపు నిచ్చి, మనవారిని లైసెన్సుకై కచేరీల చుట్టు త్రిప్పెను. 1931లో కరాచీ కాంగ్రెసు, నియమములకు లోబడి ఆయుధము ధరించుటను పౌరహక్కులలో చేర్చుట ఆ యవమానమునకు ప్రత్యుత్తరము. నేటి మన జిల్లాలోని కృష్ణదేవిపేట పోలీసుస్టేషనును 1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు ముట్టడించి తుపాకులు గొనిపోయెను. ఆ సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను దొరలు కూలిరి. ముందు నడచిన దేశీయసిపాయిలను పోనిచ్చి దొరలనే గురిచూచిరని చెప్పుదురు. పొదలమాటున, ప్రాణాపాయమున నున్న ఆ మన్యవీరులు వచ్చువాడెవడో తెలిసికొన్న పిదపనే మీట నొక్కిరన్నమాట. మంచెపై తీరికగా కూర్చున్న మనకు అంతమాత్రపు ఓపిక యుండరాదా?

కావున మా యభిప్రాయమిది. కొత్తవాడు ఇనుపగురితోనే నేర్వవలెను. కన్ను బాగున్నంతకాలము, దగ్గరిదూరములకు, దానితోనే యుండవచ్చును. చత్వారము ముదిరిన రైఫిలుదారు నాలుగురెట్లకు మించని దుర్భిణిని గట్టిగా బిగించుకొని, అనుమతిపొందిన కాల్పుస్థలమున గురి సరిచూచుకొనక తోటలోనికి పోరాదు. పన్నెండురెట్లు, పదునారురెట్లు చూపునని అంగడివాడు చెప్పునవి చెరకుగట్లకు పనికిరావు.

2016వ సంవత్సరపు ఆయుధనియమములు లైసెన్సు కోరువారికి భద్రతాశిక్షణను విధించినవి. ఆ శిక్షణ సర్టిఫికెట్టుతో ముగిసిపోరాదు. అనకాపల్లి జిల్లా అధికారులు దానిలో ఒక సాయంకాలమును ఇందులకే కేటాయించి, పొద్దుగ్రుంకిన అరగంటకు పందిబొమ్మను, మనిషిబొమ్మను చెరకుమోళ్లనడుమ నిలిపి, ఏది యేదో చెప్పలేనివానిని మరల రమ్మని పంపవలెనని కోరుచున్నాము.