ఆవుకు కోటు, అమ్మకు యూరియా సంచి

వాన పడే తెల్లవారుజామున మా అమ్మ మొదట వెతుక్కునేది యూరియా సంచి. అడుగున ఒక మూలను రెండో మూలలోకి దోపితే కొప్పెర అవుతుంది. దాన్ని నెత్తిన వేసుకుని, చీర మోకాళ్ల దాకా ఎగదోపి, ఉత్త కాళ్లతో ఆసామి పశువుల కొట్టంలోకి దిగుతుంది. పెండ, ఉచ్చ, వాన నీళ్లు కలిసిన రొచ్చు చీలమండల దాకా ఉంటుంది. దాన్ని చేతులతోనే గంపకెత్తి పెంటకుప్ప మీద పోయాలి. గంపలోంచి కారే నీళ్లు మెడ మీదుగా జాకెట్లోకి దిగుతాయి. తడిసిన చీర ఒంటి మీదే ఆరాలి. మార్చుకోవడానికి ఉన్న రెండో చీర నిన్న తడిసింది, ఇంకా ఆరలేదు.

ఒకసారి రబ్బరు చెప్పులతో పోయింది. దొరసాని వాకిట్లోనే ఆపింది. "చెప్పులు ఆడ ఇడిసి రా. నీ కాళ్లకు అలవాటే గదనే" అన్నది.

ఈ అలవాటు ఎక్కడ నుంచి వచ్చింది? చండాలుడు శవాల మీది బట్టలే కట్టుకోవాలని మనుస్మృతి పదో అధ్యాయం చెప్తుంది. సేవచేసే శూద్రుడికి ఎంగిలి మెతుకులు, చినిగిన పాత బట్టలు ఇవ్వమని అదే అధ్యాయం చెప్తుంది. పై కులాల వీధిలో చెప్పులు చేతపట్టుకుని నడవాలన్న కట్టడిని ఊళ్లు ఆ తర్వాత కూడా నడిపించాయి. తరతరాలుగా కాలికి చెప్పు లేకుండా చేసి, ఇప్పుడు ఆ కాళ్లకు అలవాటైందంటున్నారు. పండక్కి పాత చీర, చలికాలానికి చిరుగుల దుప్పటి ఇచ్చి దాన్ని దయ అంటున్నారు. అది దయ కాదు, మనువు రాసిన పద్దు.

అదే కొట్టంలోకి పశువైద్య సిబ్బంది బూట్లతో వస్తారు, పొడవాటి గ్లౌజులు తొడుక్కుంటారు. వాళ్లను వాకిట్లో ఎవరూ ఆపరు. అంటే బూట్లు పశువుకు చెడుపు కాదు, కొట్టానికి మైల కాదు. ఎవరి కాలికి ఉన్నాయన్నదే అసలు తకరారు.

ఈ రొచ్చులో నిలబడితే ఏమవుతుందో వైద్యశాస్త్రం ఎప్పుడో చెప్పింది. ఎలుకల, పశువుల మూత్రంతో కలుషితమైన నీళ్లు, బురద ద్వారా లెప్టోస్పైరోసిస్ వస్తుంది. కాలి పగుళ్లు, చేతి గీతలే ఆ క్రిమికి దారి. వానాకాలంలో ఎక్కువవుతుంది, ముదిరితే కాలేయాన్నీ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. మోకాలి దాకా వచ్చే గమ్ బూట్లు, గ్లౌజులు ఆ దారిని చాలావరకు మూసేస్తాయి. తడిసిన నూలు బట్ట ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం మిగుల్చుతుంది. గొర్లకాపరుల గొంగడి వెనక ఉన్న తెలివి అదే. మనకు తెలియనిది ఏమీ లేదు. ఇవ్వబుద్ధి కాకపోవడమే ఉంది.

2019 నవంబర్‌లో అయోధ్య నగరపాలక సంస్థ గోశాలలోని ఆవులకు చలికాలం కోసం గోనె కోట్లు కుట్టించే పథకం ప్రకటించింది. దేశమంతా వార్త అయింది. ఆవుకు చలి వేయకూడదని మేమూ అంటాం. పశువు ఒంటి వెచ్చదనం మా కంటే ఎవరికి తెలుసు? కానీ ఆ ఆవు కింద పెండ తీసే మనిషికి చలి వేస్తుందన్న సంగతి ఏ పథకంలో రాశారు? ఆవు ఒంటి మీద గోనె కోటు అయితే సేవ. అమ్మ నెత్తిన గోనె సంచి అయితే అలవాటు.

చట్టం ఏమంటుంది? వెట్టిచాకిరీని 1976 చట్టం రద్దుచేసింది, కానీ కొట్టంలో పని ఎలా జరగాలో చెప్పలేదు. వృత్తి భద్రత, ఆరోగ్యం మీద 2020లో తెచ్చిన కోడ్ పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలను లెక్కలోకి తీసుకుంటుంది. ఒకరిద్దరు పనివాళ్లుండే కొట్టం ఆ లెక్కకు అందదు. వ్యవసాయంలో భద్రత మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2001లో చేసిన 184వ ఒప్పందాన్ని భారతదేశం ఆమోదించలేదు. పాల సంఘం వెన్న శాతం కొలిచి ధర కడుతుంది. ఆ ధరలో దాణాకు లెక్క ఉంది, మందులకు లెక్క ఉంది, పెండ తీసే చేతికి లెక్క లేదు.

"ఇచ్చినా వాళ్లే వేసుకోరు" అంటారు కొందరు. మగవాళ్ల కొలతతో చేసిన బూటు ఆడవాళ్ల కాలికి జారుతుంది. చీర అంచు అందులో దూరి తడుస్తుంది. అంటే సరైన కొలత బూటు, కింద పైజామా, పైన చేతుల దాకా వచ్చే రెయిన్ కోటు కావాలి. తప్పు కొలతది, కాలిది కాదు.

పోయినేడు ఫెలోషిప్ డబ్బుతో అమ్మకు బూట్లు కొన్నాను. ఇంట్లో తొడుక్కుని నాలుగడుగులు వేసి నవ్వింది. పనికి మాత్రం వేసుకుపోలేదు. "దొరసాని ఏమంటదో బిడ్డా" అన్నది. అప్పుడు అర్థమైంది, కొన్ని వందల రూపాయలతో తీరే సంగతి కాదిది. బిడ్డలు కొనిచ్చే బూట్లు గడప దాటలేవు. హక్కుగా వచ్చిన బూట్లే దాటగలవు.

అందుకే అడిగేది దానం కాదు. ఒక్క మనిషి పనిచేసే కొట్టమైనా సరే చట్టం కిందికి రావాలి. ఏటా బూట్లు, గ్లౌజులు, రెయిన్ కోటు, ఉన్ని స్వెట్టరు యజమాని ఖర్చుతో ఇవ్వాలి. కూలిలో కోయకూడదు. పాల ధర కట్టేటప్పుడే పాల సంఘాలు ఈ ఖర్చును లెక్కగట్టాలి. తడిసిన బట్ట మార్చుకోవడానికి తలుపున్న గది, కాళ్లు కడుక్కోవడానికి వేడినీళ్లు ఉండాలి.

1927 డిసెంబర్‌లో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన సందర్భంలో బాబాసాహెబ్ ఆడవాళ్లతో విడిగా మాట్లాడారు. అంటరానివాళ్లని గుర్తు పట్టించే కట్టును, నగలను వదిలేయమన్నారు. యూరియా సంచి కొప్పెర, ఉత్త కాళ్లు కూడా అలాంటి గుర్తులే. వాటిని వదిలేయడానికి మా అమ్మ సిద్ధంగా ఉంది. బూట్లు ఇంట్లోనే, తలుపు వెనక ఉన్నాయి.