జట్టు వెళ్లిపోతే అభిమాని బాకీ పడడు

2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు ఎత్తింది ఈ జట్టే. గోల్‌కీపర్ కట్టిమణి ఆ రాత్రి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ కప్పు ఇప్పుడు ఎవరి ఖాతాలో ఉన్నట్టు? నిన్నటిదాకా ఆ పసుపు జెర్సీ వేసుకున్నవాడు రేపు ఢిల్లీ జట్టుకు చప్పట్లు కొట్టాలా, కొట్టకపోతే మాట తప్పినవాడవుతాడా? కాడన్నదే నా వాదన. అభిమాని కట్టుబడింది ఒక పేరుకు, ఒక ఊరికి, ఆ రెంటి చుట్టూ చేరిన మనుషులకు. ఆ రెంటినీ వదులుకున్నది యజమాని. కాబట్టి ముడి విప్పినవాడే జవాబు చెప్పుకోవాలి. అయితే తప్పు దూరానిది కాదన్న సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. అది తేల్చడానికి ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకన్నా అర్హులు అరుదు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు పెట్టినప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే పట్టాల వెంట నడిచొచ్చాయి. నీమ్‌పురా, మథురాకాటి పేటల్లో తరాలు గడిచాయి. పిల్లలు బెంగాలీలో చదివారు, హిందీలో బేరమాడారు, ఇంట్లో మాత్రం తెలుగు పోలేదు. 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చిందంటే ఆ నిలకడ వల్లే. ఊరు వదిలినా అభిమానం వదలదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏముంటుంది? క్రీడల్లోనూ అంతే. హైదరాబాదు తరఫున ఆడిన ఫ్రాంచైజీ జట్లు గెలిచిన పెద్ద కప్పులు చూడండి: ఐపీఎల్ క్రికెట్‌లో దక్కన్ చార్జర్స్ 2009లో జోహన్నెస్‌బర్గ్‌లో, సన్‌రైజర్స్ 2016లో బెంగళూరులో, ఫుట్‌బాల్ జట్టు 2022లో గోవాలో. మూడింటిలో ఒక్కటీ హైదరాబాదులో గెలిచింది కాదు. 2010లో తెలంగాణ ఉద్యమం వేడెక్కినప్పుడు చార్జర్స్ సొంతగడ్డ మ్యాచ్‌లు నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైలకు మారాయి. కటక్ మన లైను మీది స్టేషనే. అప్పుడు ఆ జట్టు తెలుగువాళ్లది కాకుండా పోయిందని ఎవరూ అనలేదు. పేరు అదే, తిరిగి వస్తుందన్న నమ్మకం అదే. 2012లో ఆ ఫ్రాంచైజీని రద్దు చేసి, కొత్త యజమానితో కొత్త పేరు పెట్టినప్పుడు మాత్రం లెక్క మారింది. ఊరు అక్కడే ఉన్నా చార్జర్స్ అభిమాని అనాథ అయ్యాడు.

మనుషులు కదిలితే ఏమవుతుందో, జట్టు కదిలితే ఏమవుతుందో పక్కనున్న కోల్‌కతాను చూస్తే ఇంకా తేటగా అర్థమవుతుంది. 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఆడింది కోల్‌కతా మైదానంలోనే. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లు ఆ క్లబ్బును తమదిగా చేసుకున్నారు. వాళ్ల ఊళ్లు సరిహద్దు అవతల ఉండిపోయాయి, ఆ పేరు మాత్రం ప్రతి మ్యాచ్‌లోనూ వినిపించింది. అక్కడ చెదిరినవాడు అభిమాని, నిలబడింది క్లబ్బు. అందుకే క్లబ్బుకు వందేళ్లు దాటినా ఆ బంధం తెగలేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ విషయంలో జరిగింది దీనికి తలకిందులు: అభిమాని ఉన్నచోటే ఉన్నాడు, క్లబ్బు చెదిరింది. ఈ రెంటినీ ‘వలస’ అన్న ఒక్క గాటన కట్టేస్తే కూటి కోసం ఊరు వదిలిన రైల్వే కుటుంబానికీ, లైసెన్సు చేతులు మారినందుకు చిరునామా మార్చుకున్న కంపెనీకీ తేడా లేకుండా పోతుంది.

ఈ బాధలో మనం మొదటివాళ్లం కామని కూడా ఒప్పుకోవాలి. 2019లో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడ్డాక ఆ ఖాళీలోనే హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కు వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఆరేళ్లకు హైదరాబాదు జట్టు ఢిల్లీ చేరింది. పుణె పోగొట్టుకున్నది హైదరాబాదుకు దక్కింది, ఢిల్లీ పోగొట్టుకున్నది భువనేశ్వర్‌కు దక్కింది, హైదరాబాదు పోగొట్టుకున్నది మళ్లీ ఢిల్లీకి దక్కింది. 2019లో గచ్చిబౌలి స్టేడియం గేట్లు తెరిచిన రోజు పుణె అభిమాని సంగతి మనలో ఎందరికి గుర్తొచ్చింది? ఇచ్చినప్పుడు తీసుకుని, తీసుకెళ్లినప్పుడు మాత్రమే అన్యాయమంటే వాదన నిలవదు. అందువల్ల అడగాల్సింది మన జట్టును మనకు తిరిగివ్వమని కాదు. ఏ ఊరి జట్టుకైనా వర్తించే పద్ధతి ఒకటి కావాలని.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం వ్యాపారం. నష్టాల్లో ఉన్న జట్టును యజమాని ఎంతకాలం మోస్తాడు, ఖాళీ కుర్చీల ముందు ఎన్నాళ్లు ఆడిస్తాడు అని. న్యాయమైన ప్రశ్నే. 2023-24 సీజన్లో హైదరాబాదు ఆటగాళ్లకు జీతాలు అందలేదు, కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది, జట్టు అట్టడుగున నిలిచింది. ఆ స్థితిలో జట్టు ఇంకో ఊరికి వెళితే కనీసం ఆటగాళ్ల కడుపు నిండుతుందన్న మాట కొట్టిపారేయలేం. కానీ లైసెన్సు తీసుకెళ్లే హక్కు వేరు, చరిత్రను తీసుకెళ్లే హక్కు వేరు. అమెరికాలో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ యజమాని 1995లో జట్టును బాల్టిమోర్‌కు తరలిస్తానన్నప్పుడు ఊరు కోర్టుకెక్కింది. చివరికి జట్టు వెళ్లింది గాని, పేరు, రంగులు, రికార్డులు క్లీవ్‌లాండ్‌లోనే ఉండిపోయాయి. 1999లో కొత్త జట్టు ఆ పేరుతోనే మైదానంలోకి దిగింది. ఇంగ్లండులో వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో అనుమతి రాగానే అభిమానులు సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టుకున్నారు. తరలిపోయిన క్లబ్బు 2007లో పాత ట్రోఫీలను వింబుల్డన్ ప్రాంతానికే అప్పగించింది. అభిమానుల క్లబ్బు 2011కల్లా లీగులోకి ఎక్కి, 2020లో పాత వీధికే తిరిగొచ్చింది. వ్యాపారం సాగింది, చరిత్రా నిలిచింది. ఇల్లు అమ్ముకున్నవాడు గోడల మీది ఊరందరి ఫొటోలు కూడా తనవేనంటే ఎలా?

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఈ రోజుల్లో అభిమానం ఊరికి కాదు, ఆటగాడికి అంటారు. ఖరగ్‌పూర్‌లో ఈ మాటకు బలం ఎక్కువ, ఎందుకంటే 2001 నుంచి 2003 దాకా ఇక్కడి ప్లాట్‌ఫారాల మీద టికెట్లు తనిఖీ చేసిన మహేంద్రసింగ్ ధోనీయే దానికి ఉదాహరణ. చెన్నై జట్టు మీద రెండేళ్ల నిషేధం పడినప్పుడు అతను పుణె జట్టుకు వెళ్లాడు. 2016లో మహారాష్ట్ర కరవు వల్ల ఆ పుణె జట్టు సొంత మ్యాచ్‌లు విశాఖకు వచ్చాయి. అక్కడ మే 21న చివరి ఓవర్లో కావలసిన 23 పరుగులు రాబట్టి గెలిపించాడు. 2024 మార్చి 31న అదే విశాఖలో ఢిల్లీ క్యాపిటల్స్ సొంత మ్యాచ్ జరిగితే స్టేడియం చెన్నై పసుపుతో నిండింది. ఇది కాదనలేని నిజం. అయితే ఆటగాడు రిటైరవుతాడు, క్లబ్బు కాకూడదు. పైగా చెన్నై కథే నా వాదనను బలపరుస్తోంది. 2018లో కావేరీ ఆందోళన వల్ల చెన్నై మ్యాచ్‌లు పుణెకు మారితే అభిమానుల కోసం ఏకంగా ప్రత్యేక రైలు వేశారు. వాళ్లు వందల మైళ్లు లెక్కచేయకుండా వెళ్లారంటే కారణం ధోనీ ఒక్కడే కాదు. పేరు మారలేదు, రంగు మారలేదు, మళ్లీ చెన్నైలోని చెపాక్‌కే వస్తామన్న మాట ఉంది. మాట ఉంటే అభిమాని రైలెక్కుతాడు.

మూడో అభ్యంతరం నిరాశ నుంచి పుట్టేది: అభిమాని ఏం చేయగలడు, అంతా డబ్బున్నవాడి ఇష్టం కదా అని. 2020లో మోహన్ బగాన్ క్లబ్బును ఏటీకే అనే జట్టుతో కలిపి పేరు ముందు ఆ మూడక్షరాలు చేర్చినప్పుడు కూడా కోల్‌కతాలో చాలామంది ఇదే అన్నారు. అభిమానులు మాత్రం బ్యానర్లు దించలేదు. 2023 మార్చిలో కప్పు గెలిచిన రాత్రే యజమాని ఏటీకేను తొలగిస్తున్నట్టు ప్రకటించక తప్పలేదు. 2025లో హైదరాబాదు క్రికెట్ సంఘంతో ఉచిత పాసుల వివాదంలో సన్‌రైజర్స్ యాజమాన్యం హైదరాబాదు వదిలి పోతామని లేఖ రాయడం గుర్తుంటే, తరలిపోవడం ఇప్పుడు బేరంలో ఒక ఆయుధమైపోయిందని తెలుస్తుంది. ఇద్దరు పెద్దలు పోట్లాడుకుంటే తాకట్టుగా ఉన్నది అభిమానే.

అందుకే కావలసింది నిట్టూర్పు కాదు, నిబంధన. జట్టు ఊరు మారాలంటే కనీసం ఒక సీజను ముందే బహిరంగంగా చెప్పాలి. పేరు, రంగులు, ట్రోఫీల చరిత్ర ఆ ఊరి క్రీడా సంఘం దగ్గరే ఉండాలి. అమ్మిన సీజన్ టికెట్ల సొమ్ము తిరిగివ్వాలి. లీగులు ఫ్రాంచైజీ ఒప్పందాల్లో ఈ మూడు వాక్యాలు రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అంతదాకా హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమాని ఢిల్లీ జట్టుకు ఏమీ బాకీ లేడు. అతని చప్పట్లు కావాలనుకునే ఆట హైదరాబాదులో ఇంకా ఉంది: శ్రీనిధి దక్కన్ ఐ-లీగ్‌లో 2022-23లోనూ, 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. ఖరగ్‌పూర్ పాఠకులకు అంత దూరం కూడా అక్కర్లేదు. ఇక్కడి రైల్వే వాళ్ల సెర్సా మైదానంలో సాయంత్రం పూట ఆడే కుర్రాళ్లకు ప్రేక్షకులు కావాలి. ఎవరూ అమ్ముకుపోలేని జట్టు అది. వచ్చే ఆదివారం వెళ్లి చూడండి.