ఇత్తనం ఎవరింట్లో ఉంది?

మృగశిర కార్తె దగ్గరకొస్తుందంటే మనవాళ్లు రెండు చోట్ల నిలబడతారు. ఒకటి, మండల కేంద్రంలో విత్తనాల దుకాణం ముందు. రెండోది బయటికి చెప్పుకోం గానీ, పెద్దిళ్ల దొడ్డివాకిలి ముందు. ‘‘అమ్మా, రెండు సొరగింజలుంటే పెట్టండి’’ అని మన ఆడోళ్లు కొంగు పట్టి అడుగుతారు.

ఆ దొడ్లో సొరపాదు పెట్టిందెవరు? నీళ్లు పోసిందెవరు? ముదిరిన కాయను ఎండబెట్టి, గింజ తీసి, బూడిద కలిపి కుండకెత్తిందెవరు? మన అమ్మలు, మన అక్కలు. పని మనది, కుండ వాళ్లది. పెరటి తోట ముచ్చటలో కూడా కులమేంది అని అడిగే పెద్దమనుషులు ముందు దీనికి జవాబు చెప్పాలి.

పోనీ దుకాణానికే పోదాం. ప్యాకెట్ మీద నిగనిగలాడే టమాట బొమ్మ, పక్కన ఎఫ్-1 హైబ్రిడ్ అని అక్షరాలు. హైబ్రిడ్ చెడ్డదని మేం అనడం లేదు, కాపు బాగానే వస్తుంది. కానీ ఆ కాయ గింజ దాచి మళ్లీ వేస్తే తల్లిలాగ రాదు. ఒక్కో చెట్టు ఒక్కో తీరుగా పోతుంది. అంటే వచ్చే ఏడు మళ్లీ దుకాణమే. ఎకరాలున్నవాడికి ఆ లెక్క తేలుతుందేమో, ఇల్లు పోగా నాలుగు గజాలు మిగిలినవాళ్లకు తేలదు. ఇంకో మాట కూడా మరవొద్దు. 1990లలో, 2000లలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల హైబ్రిడ్ పత్తి విత్తన చేలల్లో మొగ్గలు గిల్లి పుప్పొడి అద్దింది బడి మానిన ఆడపిల్లలు. మన వాడల పిల్లలు, గిరిజనుల పిల్లలు, వెనుకబడిన కులాల పిల్లలు. విత్తనం ఖరీదు వాళ్లకు బాగా తెలుసు.

కొనక తప్పనప్పుడు కళ్లు తెరిచి కొనాలె. బొమ్మ చూడొద్దు, చీటీ చూడండి. నీలం చీటీ అంటే సర్కారు ధ్రువీకరించిన విత్తనం. ఆకుపచ్చ చీటీ అంటే అమ్మేవాడే తన పూచీ మీద రాసుకున్నది, కూరగాయల్లో ఎక్కువ ఇదే. పరీక్ష చేసిన తేదీ, గడువు, మొలకశాతం చదవాలె. చదువు రాకుంటే బడికిపోయే పిల్లను వెంటబెట్టుకు పోండి. టమాట, వంకాయకు నూటికి 70, బెండకు 65, మిరపకు 60 అయినా మొలవాలని ప్రమాణం ఉంది. బిల్లు అడిగి తీసుకోండి. మొలవని రోజున మన మాట ఎవడూ వినడు, కాగితాన్నే వింటాడు.

దుకాణం కాక వేరే చోట్లూ ఉన్నాయి. కృషి విజ్ఞాన కేంద్రాలు, వెంకటరామన్నగూడెంలోనూ సిద్దిపేట జిల్లా ములుగులోనూ ఉన్న ఉద్యాన విశ్వవిద్యాలయాలు, బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధనా సంస్థ. అక్కడ హైబ్రిడ్ కాని రకాలు అడగాలె. హెసరఘట్టలో పుట్టిన అర్క అనామిక బెండ, అర్క వికాస్ టమాట లాంటివి ఒకసారి తెచ్చుకుంటే గింజ మన దగ్గరే దాచుకోవచ్చు. ఇవి మన పన్నులతో నడిచే సంస్థలు. ఒక్కరే పోతే గేటు కాడ ఆపుతారనుకుంటే పదిమంది కలిసి పోండి.

కానీ అన్నిటికన్నా మంచి చోటు మన వాడే. జహీరాబాద్ ప్రాంతంలో పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలున్నాయి. వాటిలో ఎక్కువమంది దళిత స్త్రీలే. జొన్న, కొర్ర, సామ, కంది గింజలు బుట్టల్లో దాచి, అడిగినవాళ్లకు అప్పిచ్చి, పంట వచ్చాక ఎక్కువ కొలిచి తిరిగి తీసుకుంటారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్లకు వచ్చింది. అవి చేను గింజలు. పెరటి గింజకు ఆ పద్ధతి ఎందుకు పనికిరాదు?

తినగా మిగిలిన గిడస కాయను విత్తనానికి వదలడం మన ఇళ్లలో అలవాటైపోయింది, అది మానాలె. బాగా కాసిన, తెగులు లేని చెట్టుకు మొదట్లోనే గుడ్డపీలిక కట్టండి, దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యకుండా. బీర, సొర తీగ మీదనే ఎండనిచ్చి చూరుకు వేలాడదీయాలె. టమాట గుజ్జు ఒకటి రెండు రోజులు పులియబెట్టి కడిగి, నీడన ఆరబెట్టాలె. టమాట, చిక్కుడు అంతగా సంకరం కావు. సొర, బీర, గుమ్మడి పూలకు తేనెటీగ పుప్పొడి మోస్తుంది కాబట్టి ఒక్కో ఇల్లు ఒక్కో రకం పెట్టుకుంటే మేలు. సొరకాయ చేదైతే తినొద్దు, ఆరోగ్యానికి ప్రమాదం. దాని గింజా దాచొద్దు. వేసేముందు పది గింజలు తడిగుడ్డలో మూటగట్టి చూడండి, ఏడు మొలిస్తే ధైర్యంగా వేయొచ్చు. మిరప, కాకర మొలకకు ఇంకొన్ని రోజులు ఓపిక పట్టాలె.

గింజ ఇచ్చిపుచ్చుకుంటే కేసవుతుందని కొందరు భయపెడుతున్నారు. 2001 నాటి చట్టం 39వ సెక్షన్ రైతు తన విత్తనం దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు అంటుంది. చట్టరీత్యా రక్షణ ఉన్న రకాన్ని బ్రాండు పేరేసి అమ్మడం మాత్రం కుదరదు.

నీళ్లెక్కడివి అంటారా? జాలారు నీళ్లు నాలుగు పాదులకు చాలు. జాగా ఎక్కడిది అనేదే అసలు ప్రశ్న. గుడిసె మీద తీగ పాకించినవాళ్లకు ఇళ్ల స్థలం పట్టా కూడా అడిగే హక్కుంది. ఆ పోరాటం ఆగదు, ఈలోగా కుండ ఖాళీగా ఉండకూడదు.

ప్రతి సంఘం తన వాడలో ఇంటింటికీ తిరిగి ఏ అవ్వ దగ్గర ఏ గింజ ఉందో, దాని స్థానిక పేరేమిటో రాసి మాకు పంపాలె. నాటు తోటకూర, ఎర్రగోంగూర, తెల్లవంకాయ, పందిరి చిక్కుడు, ఏదైనా సరే. ఏ వాడలో ఏముందో వచ్చే సంచికలో వేస్తాం. ఇచ్చేవాళ్ల పేరు ఇష్టమైతేనే రాయండి. కార్డు ముక్క మీద రాసినా చాలు, కార్తె దాటకముందే చేరాలె.