సమాన పాయింట్లు, అసమాన పునాదులు

ఫ్రాన్స్ పశ్చిమ కొసన, బ్రిటనీ ప్రాంతంలోని ఓడరేవు నగరం బ్రెస్ట్‌కు చెందిన స్టాడ్ బ్రెస్టువా ఫుట్‌బాల్ క్లబ్ 2024–25 సీజన్‌కు రెండు లెక్కలు మిగిలాయి: యూరప్ క్లబ్బుల అగ్రశ్రేణి పోటీ అయిన చాంపియన్స్ లీగ్ తొలిదశలో సంపాదించిన 13 పాయింట్లు ఒకటి, అదే పోటీలో పారిస్ సెయింట్ జెర్మెయిన్ (పీఎస్‌జీ) చేతిలో రెండు మ్యాచ్‌లలో కలిపి 0–10 తేడాతో ఎదురైన ఓటమి రెండోది. వీటిలో మొదటిది క్లబ్ సత్తాకు కొలమానం కాగా, రెండోది ఫ్రెంచ్ ఫుట్‌బాల్ ఆర్థిక నిర్మాణంలో ముదిరిన అసమానతకు నిదర్శనం.

2023 జనవరిలో ఎరిక్ రువా కోచ్‌గా వచ్చేనాటికి బ్రెస్ట్, దేశీయ అగ్రశ్రేణి పోటీ అయిన లీగ్ 1 నుంచి దిగువ డివిజన్‌కు జారిపోయే ముప్పులో ఉంది. ఆ జట్టే 2023–24లో పీఎస్‌జీ, మొనాకోల తర్వాత మూడో స్థానంలో నిలిచి, 1950లో ఏర్పడిన క్లబ్ చరిత్రలో తొలిసారిగా యూరోపియన్ పోటీలకు అర్హత పొందింది.

బ్రెస్ట్ అడుగుపెట్టిన 2024–25 సీజన్‌లోనే చాంపియన్స్ లీగ్ స్వరూపం మారింది. 36 క్లబ్బులను ఒకే పట్టికలో ఉంచి, ఒక్కో క్లబ్‌కు ఎనిమిది వేర్వేరు ప్రత్యర్థులతో మ్యాచ్‌లు కేటాయించి, మొదటి ఎనిమిది జట్లను నేరుగా ముందుకు పంపి, 9 నుంచి 24 వరకు ఉన్నవాటికి ప్లేఆఫ్ నిర్వహించే పద్ధతి వచ్చింది. బ్రెస్ట్ ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్‌ను 4–0తో చిత్తుచేసింది. అంతకుముందు సీజన్‌లో ఓటమి లేకుండా జర్మనీ విజేతగా నిలిచిన లెవర్కూసెన్‌ను, పియెర్ లీ మెలూ బంతిని నేల తాకనీయకుండా వాలీగా కొట్టిన గోలుతో 1–1 వద్ద నిలువరించింది. బార్సిలోనా, షక్తార్, రియల్ మాడ్రిడ్‌ల చేతిలో ఓడినా, నాలుగు విజయాలు, ఒక డ్రాతో 18వ స్థానం దక్కించుకుంది. ఆ సీజన్‌లోనే యూరప్ విజేతగా నిలవబోయే పీఎస్‌జీ కూడా తొలిదశలో సాధించింది సరిగ్గా 13 పాయింట్లే. గోల్స్ తేడా వల్లే 15వ స్థానంలో ఉంది.

ఈ ఫలితాలలో ఏ ఒక్కటీ సొంత మైదానంలో వచ్చింది కాదు. బ్రెస్ట్‌లోని ఫ్రాన్సిస్ లె బ్లే స్టేడియం యూరోపియన్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఫా నిర్దేశించిన ప్రమాణాలకు సరిపోనందున, ‘సొంతగడ్డ’ మ్యాచ్‌లన్నీ 100 కిలోమీటర్లకు పైగా దూరంలోని గాంగాం పట్టణంలో ఆడవలసి వచ్చింది. ప్రేక్షకుల భద్రతకు నియమాలు అవసరమే అయినా, పాత మైదానాన్ని మెరుగుపరచుకోవడానికి చిన్న క్లబ్‌కు ఆర్థిక సహాయం అందించకుండా నియమాన్ని మాత్రమే అమలుచేయడం న్యాయమనిపించుకోదు.

పీఎస్‌జీతో జరిగిన ప్లేఆఫ్‌లో ఈ ఆర్థిక తేడా మరింత బట్టబయలైంది. మొదటి ఐదు యూరోపియన్ గోల్స్‌లో మూడింటిని బ్రెస్ట్‌కు అందించిన అబ్దల్లా సిమా, బ్రైటన్ నుంచి లోన్‌పై, అంటే తాత్కాలిక ఒప్పందంపై వచ్చిన ఆటగాడు. 2011 నుంచి ఖతార్ పెట్టుబడి అండగా ఉన్న పీఎస్‌జీ మాత్రం సీజన్ మధ్యలోనే నపోలీ నుంచి క్వరత్స్‌ఖేలియాను కొనుగోలు చేయగలిగింది. పారిస్‌లో జరిగిన 7–0 మ్యాచ్‌లో ఏడుగురు వేర్వేరు ఆటగాళ్లు గోల్స్ చేశారంటే, తేడా ఒక తారది కాదు, మొత్తం జట్టు లోతుది. కొద్ది రోజులకే దేశీయ నాకౌట్ పోటీ అయిన కూప్ ద ఫ్రాన్స్ క్వార్టర్ ఫైనల్‌లో రెండో డివిజన్ జట్టు డంకర్క్ చేతిలోనూ ఓడిన బ్రెస్ట్, లీగ్ 1లో 50 పాయింట్లతో తొమ్మిదో స్థానంతో సరిపెట్టుకుంది. 34 లీగ్ మ్యాచ్‌లకు 10 యూరోపియన్ మ్యాచ్‌ల భారం తోడైనప్పుడు, పరిమితమైన ఆటగాళ్ల బృందానికి తొమ్మిదో స్థానం వైఫల్యమనలేము.

యూఫా నుంచి ప్రవేశ వాటాగా 1.862 కోట్ల యూరోలు, ఒక్కో విజయానికి 21 లక్షలు, డ్రాకు 7 లక్షల చొప్పున, ర్యాంకు తదితర బహుమతులు కలపకుండానే బ్రెస్ట్‌కు సుమారు 2.77 కోట్ల యూరోలు లభించినట్టు లెక్క తేలుతుంది. అయితే ఇది ఏటా వచ్చే ఆదాయం కాదు. నిలకడైన ఆదాయం ఇవ్వవలసింది దేశీయ ప్రసార హక్కులు. సీజన్‌కు 40 కోట్ల యూరోలకు లీగ్ 1 మ్యాచ్‌లలో అధిక భాగాన్ని తీసుకున్న డజోన్ (DAZN) సంస్థతో ఒప్పందం ఒక్క ఏడాదికే ముగిసిపోయింది. 2020లో మీడియాప్రో సంస్థతో కుదిరిన ప్రసార ఒప్పందం కుప్పకూలిన తర్వాత ఇది రెండో దెబ్బ.

అందువల్ల ఫ్రెంచ్ లీగ్ యాజమాన్యం యూరోపియన్ ఆదాయంలో కొంత భాగాన్ని ఉమ్మడి స్టేడియం నిధిగా కేటాయించి, ప్రసార ఆదాయాన్ని మరింత సమంగా పంచవలసి ఉంది. మైదానంలో ప్రతిభతో మూడో స్థానం సాధించిన క్లబ్ తన ఊరి ప్రజల ముందు యూరోపియన్ మ్యాచ్ ఆడలేని స్థితి కొనసాగితే, అర్హత అనే సూత్రమే అర్థం కోల్పోతుంది.