పేరు తుడిచేస్తే మిగిలేదేమిటి?

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి, దేవరుప్పుల)

వార్షికోత్సవాలూ, సెమినార్లూ, ఫెస్టులూ వచ్చాయంటే చాలు, మన కాలేజీల్లో పంపకాల పండుగ మొదలవుతుంది. ప్రతినిధికొక సంచీ, సంచీలో ఒక పెన్నూ, ప్యాడూ, బ్యాడ్జీ. వాలంటీర్లకు టీషర్టులు. వేదిక మీది పెద్దలకు శాలువాలూ, షీల్డులూ. అన్నింటి మీదా పేర్లే - కాలేజీ పేరు, సంఘం పేరు, చందా ఇచ్చిన దుకాణం పేరు. ఈ మధ్య వీటికి తోడు ఇంకో మాట కూడా అచ్చవుతోంది: "పర్యావరణ హితం" అని. ఆకుపచ్చ అక్షరాలు, పక్కన ఒక ఆకు బొమ్మ! ఆ ఆకును గూర్చి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను.

ముందు ఆ సంచీ సంగతే చూద్దాం. పట్టుకుంటే గుడ్డలాగే ఉంటుంది, గుడ్డ సంచీ అనే పిలుస్తాం. నిజానికది వడికిందీ కాదు, నేసిందీ కాదు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కును కరిగించి, సన్నని పోగులుగా చిమ్మి, ఆ పోగుల్ని వేడితో అక్కడక్కడా అతికించి చేసినది. వెలుతురుకు పెట్టి చూస్తే అతికిన చోట్లు చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. నమ్మకం లేకపోతే ఒక కొస కత్తిరించి అగ్గిపుల్ల అంటించండి. నూలుగుడ్డైతే కాగితం కాలిన వాసన వేసి బూడిదవుతుంది. ఇది ముడుచుకుపోయి, కరిగి, బొట్లు బొట్లుగా కారుతుంది. యూరియా బస్తా ఏ ప్లాస్టిక్కో ఇదీ అదే.

చట్టానికి ఈ సంగతి తెలుసు. 2021 ఆగస్టు 12న కేంద్రం సవరించిన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లో ఈ నాన్-వోవెన్ సంచీలను కూడా చేర్చారు. చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గినవి 2021 సెప్టెంబరు 30 నుంచి పనికిరావన్నారు. అంటే ప్రభుత్వం దీన్ని ప్లాస్టిక్కు కిందనే జమకట్టింది. మనమే ఆకు బొమ్మ వేసి గుడ్డ అంటున్నాం.

"ఐతే గొడవెందుకు, అసలైన నూలు సంచీలే ఇద్దాం" అంటారు మిత్రులు. ఈ మాట వింటే నేను సంబరపడిపోవాలి. మాది పత్తి పండించే ఇల్లు. కానీ నేను చదివేది సైన్సు గదా, లెక్క చూడకుండా సంబరపడటం కుదరదు. క్వింటాలు పత్తిని జిన్నింగు మిల్లులో ఆడిస్తే గింజ పోను దూది 33 నుంచి 35 కిలోలొస్తుంది. కాబట్టి 100 గ్రాముల సంచీ కావాలంటే చేలో 300 గ్రాముల పత్తి ఏరాలి. 2025-26 సీజనుకు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే ఆ సంచీలో రైతుకు చేరేది మహా ఐతే 24 రూపాయలు. అందులోంచే విత్తనం, దుక్కి, మందులు, ఏరిన కూలి. (గింజ నుంచి నూనె తీసి అమ్ముకునేది వేరొకరు. ఆ కథ మరోసారి.)

ఆ 300 గ్రాముల వెనుక ఎరువుంది, పురుగుమందుంది, నీళ్ళున్నాయి, ట్రాక్టరు డీజిలుంది. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ఒక లెక్క కట్టింది. ఒక్కసారి వాడి పారేసే పల్చని ప్లాస్టిక్ సంచీతో పోలిస్తే, భూతాపం విషయంలో నూలు సంచీ దానికి సరితూగాలంటే 131 సార్లు వాడాలని తేలింది. వారానికోసారి అంగడికి పట్టుకుపోతే రెండున్నరేళ్ళు! 2018లో డెన్మార్కు వాళ్ళు ఇంకా కఠినంగా లెక్కేశారు. వాతావరణం ఒక్కటే చూస్తే 52 సార్లు చాలన్నారు గానీ, మిగతా అన్ని రకాల నష్టాలనూ చూస్తే 7,100 సార్లన్నారు. ఐతే వాళ్ళ లెక్కలో ఒక వెలితి ఉంది. సంచీ చెత్తబుట్టలోకే పోతుందనీ, అక్కణ్ణించి సక్రమంగా ఎక్కడికో చేరుతుందనీ వాళ్ళ ధీమా. మన దగ్గర అది మోరీలో అడ్డం పడుతుంది, బర్రె కడుపులోకి పోతుంది. ఆ నష్టం వాళ్ళ పట్టికలో లేదు. కాబట్టి 7,100 అనే అంకె చూపించి ప్లాస్టిక్కే నయమనేవాళ్ళను నేను నమ్మను. కానీ ఒకటి మాత్రం ఒప్పుకోక తప్పదు. హాస్టలు గదిలో తలుపు వెనుక మేకుకు వేలాడే ఐదో నూలు సంచీ ఎవరికీ హితం కాదు, పత్తి రైతుకు కూడా.

ఇదంతా చూశాక నాకు తోచింది ఇదీ: వస్తువు దేనితో చేశారన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న వేరే ఉంది - దాని మీది పేరు తుడిచేస్తే, ఆ వస్తువును ఎవరైనా ఇంట్లో ఉంచుకుంటారా?

మన ఇళ్ళల్లో ఈ పరీక్ష నెగ్గిన వస్తువులు బోలెడున్నాయి. పెళ్ళికో గృహప్రవేశానికో ఇచ్చిన స్టీలు గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించేవారు గదా! ఇచ్చిన వాళ్ళ పేరు, తేదీ, ఒక్కోసారి ఊరు కూడా. అవి ప్రచార వస్తువులు కాక మరేమిటి? మా ఇంట్లో నేను పుట్టకముందు నుంచీ ఒక చెంబుంది. ఇచ్చినాయన పేరు సగం అరిగిపోయింది, మిగిలిన సగాన్ని మా బాపు రోజూ పొద్దున చూస్తూనే ఉంటాడు. అంత ప్రచారం ఏ కంపెనీకి దొరుకుతుంది? పేరు వేసుకోవటం తప్పేం కాదు. పేరు కోసమే వస్తువును పుట్టించటం తప్పు.

మరి వానాకాలానికి ముందు మా ఊళ్ళ వైపు వచ్చే విత్తనాల కంపెనీల, మందుల కంపెనీల పంపకాలు చూడండి. టోపీలు, టీషర్టులు, తువ్వాలలు, టార్చిలైట్లు, క్యాలెండర్లు. నగరంలో చదువుకున్నవాళ్ళు వాటిని చూసి నవ్వుతారు. నేను నవ్వను. ఆ టీషర్టు పాలిస్టరుదే, ఉతికినప్పుడల్లా కంటికి కనిపించని ప్లాస్టిక్ నూగు నీళ్ళలో కలుస్తుంది, నిజమే. కానీ మిరపతోటలో కూలికి పోయే మనిషి దాన్ని చిరిగి పీలికలయ్యేదాకా తొడుగుతాడు, ఆ పైన అది ట్రాక్టరు తుడిచే మసిగుడ్డ అవుతుంది. ఫెస్టులో మనకిచ్చే టీషర్టు మీద సంవత్సరం అచ్చేసి ఉంటుంది గనుక మరుసటేడు దాన్ని తొడుక్కోవటానికి మనకు నామోషీ. రెండింట్లో ఏది హితం?

ఈ మధ్య విత్తనాలు పెట్టిన కాగితంతో పెన్నులూ, ఆహ్వానపత్రాలూ కూడా వస్తున్నాయి. నాటితే మొక్క వస్తుందట. రైతు బిడ్డగా ఒక్కటే అడుగుతాను. ఏ విత్తనం, ఎప్పుడు ఏరింది, మొలక శాతమెంత? మా బాపు ఈ మూడూ చూడకుండా ఒక్క ప్యాకెట్టు కొనడు. కుండీలో మన్ను పోసి నీళ్ళు పోసేవాడికి ఆ కాగితం మంచిదే. మిగతావారికి అదీ ఒక కాగితమే. ఇక స్టీలు సీసాల సంగతి - మొదటిది ఉపకారం, మూడోది బరువు.

అన్నింటికంటే కానిది ఫ్లెక్సీ. పాలిస్టరు దారాల వలకు రెండు వైపులా పీవీసీ పూత పూస్తే ఫ్లెక్సీ అవుతుంది. రెండు రకాల ప్లాస్టిక్కులు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి గనుక విడదీసి మళ్ళీ కరిగించటం మహా కష్టం. పీవీసీ బరువులో నూటికి 57 పాళ్ళు క్లోరినే. అణుభారాలు తెలిసిన ఎవరైనా కాగితం మీద లెక్కేసుకోవచ్చు. చలికాలం పొద్దున దాన్ని మంటలో వేసి చలి కాగేవాళ్ళు పీల్చేది హైడ్రోజన్ క్లోరైడు. డయాక్సిన్లు కూడా పుడతాయి. 2022 జులై 1 నుంచి నిషేధించిన వస్తువుల్లో ప్లాస్టిక్ బ్యానర్లూ ఉన్నాయి, కానీ 100 మైక్రాన్ల లోపువే. మందంగా ఉంటే కేంద్రం నిబంధన దాన్ని ముట్టదు! పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టు 26న విశాఖపట్నంలో ముఖ్యమంత్రి ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. అచ్చువేసే వాళ్ళ బతుకుల సంగతేమిటన్న ప్రశ్న లేచి, గడువు 2023 జనవరి 26కు జరిగింది. ఆ ప్రశ్న న్యాయమైందే. కానీ ఫ్లెక్సీ వచ్చిన కొత్తలో గోడల మీదా గుడ్డల మీదా రాసే పెయింటర్ల బతుకుల సంగతి ఇంత గట్టిగా ఎవరూ అడగలేదు.

జనగామ నుంచి సూర్యాపేట పోయే రోడ్డు పట్టుకొని వస్తే, ఫ్లెక్సీల రెండో జన్మ కూడా కనిపిస్తుంది. గడ్డివాము మీద నాయకుడు తలకిందులుగా పడుకొని ఉంటాడు. కల్లంలో వడ్ల కుప్ప మీద పుట్టినరోజు శుభాకాంక్షలు ఎండుతుంటాయి. దేన్నీ ఉత్తగా పారెయ్యకపోవటం మా వాళ్ళ గుణం. కానీ రెండు ఎండాకాలాలు పోతే పూత పెళుసై పెచ్చులు ఊడుతుంది, ఆ పెచ్చులు పొలంలోనే ఉండిపోతాయి. మా మండలంలోనే కడవెండి ఉంది. 1946 జులై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగిన ఊరు. ఆయన పేరు ఇంతకాలం నిలవటానికి ఏ ఫ్లెక్సీ అవసరమైంది?

విమర్శ ఎవరైనా చేస్తారు, నువ్వేం చెయ్యమంటావు అంటారా? చెబుతాను. మా ఇళ్ళల్లో పత్తి ఏరే అమ్మలూ అక్కలూ నడుముకు ఒడి కట్టుకుంటారు. పాత చీర దొరికితే చీర, లేకపోతే విప్పిన యూరియా బస్తా. ఏరిన పత్తిని నింపేదీ ఆ బస్తాల్లోనే. బస్తా అంచుల నుంచి ఊడిన ప్లాస్టిక్ పోగులు పత్తిలో కలుస్తాయి. దూది తెలుపు, పోగు తెలుపు. జిన్నింగులో పోవు, వడికితే నూలులో చేరతాయి. గుడ్డకు రంగద్దినప్పుడు గానీ బయటపడవు. పాలీప్రొపిలీన్ ఆ రంగులు పీల్చదు గదా, నీలం గుడ్డలో తెల్ల గీతలా నిలుస్తుంది. అందుకే మిల్లుల్లో మనుషుల్ని పెట్టి ఆ పోగుల్ని ఏరిస్తారు. మన దేశపు పత్తికి బయట చెడ్డపేరు రావటంలో ఈ పోగులకూ పెద్ద వాటాయే ఉంది. చూశారా, పర్యావరణ హితమని మనం పంచే సంచీలో ఉన్న ప్లాస్టిక్కే మా పత్తిని చెడగొడుతోంది!

కాబట్టి ఈసారి సంఘం నాన్-వోవెన్ సంచీలు మానేసి, ఆ డబ్బుతో వచ్చినన్ని ముతక నూలుగుడ్డ ఏరుడు సంచులు కుట్టించాలి. మెడకు తగిలించుకునే వెడల్పు పట్టీ ఉండాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, నోరు పెద్దగా ఉండాలి. కొలతలు మా అమ్మను అడిగి నేను తెచ్చిస్తాను. అందరికీ పంచనక్కర లేదు. నమోదు కాగితంలో "సంచీ కావాలా?" అని ఒక గడి పెడితే చాలు. పత్తి చేలున్న ఇళ్ళ పిల్లలు మన కాలేజీలో తక్కువేం కాదు. చందా ఇచ్చే దుకాణం పేరు దాని మీద వేద్దాం, నాకేం అభ్యంతరం లేదు. అక్టోబరు నుంచి జనవరి దాకా మూడు నాలుగు ఏరుళ్ళు, ఆ పేరు చేలలోనూ ఉంటుంది, ఎనుమాముల మార్కెట్టు దారిలోనూ ఉంటుంది. ఇక్కడైతే ఆ 131 సార్లు రెండేళ్ళు కాకముందే పూర్తవుతాయి. అచ్చు మాత్రం నీటి రంగుతో వేయించాలి. టీషర్టుల మీద రబ్బరులా మందంగా ఉండే అచ్చు ఉంటుందే, అదీ పీవీసీయే. ఎండకు పగిలి మళ్ళీ పత్తిలోనే రాలుతుంది.

ఇక షీల్డులు. బంగారు రంగు పూసిన ఆ ప్లాస్టిక్ పలకలను పేరు తుడిచేసి ఎవరికైనా ఇచ్చి చూడండి, ఉచితంగా కూడా పుచ్చుకోరు. జనగామ పక్కనే పెంబర్తి ఉంది. ఇత్తడి రేకును లక్క మీద పరిచి, ఉలితో కొట్టి బొమ్మ లేపే పని కాకతీయుల కాలం నుంచి వస్తున్నదంటారు. భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇత్తడి గనుల నుంచి వచ్చేదే, దానికీ ఖరీదుంది. కానీ ఎన్నేళ్ళకైనా తూకానికి అమ్మితే ధర పలుకుతుంది, కరిగించి మళ్ళీ చెంబు చేసుకోవచ్చు. పది షీల్డులిచ్చే చోట మూడు పెంబర్తి జ్ఞాపికలిస్తే చాలదా? పదిమందిని సన్మానించాలన్న రూలేమీ లేదు గదా!

ఈ సావనీరు మాటేమిటని ఎవరో అడగకముందే నేనే అడుగుతాను. ఇదీ ప్రకటనల మీద నడిచేదే. పేర్లన్నీ తీసేస్తే దీన్నెవరు దాచుకుంటారు? సంపాదకవర్గం మిత్రులు కోప్పడకుండా ఉంటే ఒక మాట: వచ్చే ఏడు ప్రతులు ముందుగా పేర్లు రాయించుకున్న వాళ్ళకు సరిపడా వేస్తే చాలు.

వీటన్నింటికీ అడ్డం డబ్బు కాదు. పెంబర్తి పని చేతి పని, రాత్రికి రాత్రి కాదు. సంచులు కుట్టే టైలరుకూ నెల రోజుల వ్యవధి కావాలి. మన కమిటీ ఏమో ఉత్సవానికి వారం ముందు కూర్చుంటుంది. అప్పటికి బేగంబజారుకు పోయి, తయారుగా ఉన్నవి మూటకట్టుకు రావటం తప్ప వేరే దారుండదు. ఆ మూట మీదనే ఆకు బొమ్మ ఉంటుంది. వచ్చే సంవత్సరపు కమిటీ మొదటి సమావేశం దసరా లోపల పెడతారా అని కార్యదర్శిని అడిగాను. ఎజెండాలో రాయమన్నారు, రాసిచ్చాను.