చోర్ షరాఫత్

పోయిన జుమ్మా రాత్రి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ‘ది క్యాజిల్ ఆఫ్ కాగ్లియోస్ట్రో’ చూశాను. 1979లో వచ్చిన జపాన్ కార్టూన్ సినిమా. తర్వాత దునియా అంతా ఉస్తాద్ అన్న హయావో మియజాకీ తీసిన మొదటి పూర్తి నిడివి సినిమా ఇది. హీరో లూపిన్ ఒక దొంగ. ఆ మాట వినగానే మా బేగం మొహం ముడుచుకుంది. "చోర్ కిస్సాలు చూపించి పిల్లలకు ఏం తాలీమ్ ఇస్తారండీ?"

సవాల్ గలత్ కాదు. అందుకే ఈ జవాబు.

ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు లూపిన్ పరాయివాడు కాదు. లెక్కల పుస్తకం మధ్యలో ఇబ్నె సఫీ నవల దాచుకుని చదివిన బ్యాచ్ మాది. ఆయన ఇమ్రాన్ యాదున్నాడా? పైకి అహ్మక్, లోపల ఆగ్. లూపిన్‌దీ అదే మిజాజ్. సినిమా మొదట్లోనే కాసినో దోచి, కారు నిండా నోట్లు కుక్కుకుని పారిపోతుంటాడు. అవి నకిలీవని తెలియగానే మొత్తం రోడ్డు మీదికి ఎగరేస్తాడు. దొంగకూ ఒక ఇజ్జత్ ఉంటుంది మరి! ఆ నోట్లు ఎక్కడ అచ్చవుతున్నాయో వెతుక్కుంటూ ఒక చిన్న కల్పిత రాజ్యానికి వెళతాడు. అక్కడి కౌంట్ క్లారిస్ అనే అమ్మాయిని జబర్దస్తీగా షాదీ చేసుకోబోతుంటాడు. ఇక ఆ బుల్లి ఫియట్ కారు కొండ గోడెక్కి పరుగెత్తే తమాషా రాస్తే రాదు, చూడాల్సిందే.

నాకు మాత్రం లూపిన్ కన్నా అతన్ని తరిమే ఇన్‌స్పెక్టర్ జెనిగాటా ఎక్కువ నచ్చాడు. నకిలీ నోట్ల కార్ఖానాని కళ్లారా చూసి పైవాళ్లకు చెబుతాడు. పెద్ద దేశాల ప్రతినిధులు నేరం ఒకరి మీదికొకరు నెట్టుకుని బాత్ ఖతం చేసేస్తారు. అప్పుడతను ఏం చేస్తాడు? లూపిన్‌ని పట్టుకునే బహానాతో, లైవ్ టీవీ కెమెరాని వెంటేసుకుని తిన్నగా ఆ నేలమాళిగలోకే దిగుతాడు. "అరె, ఇదేమిటి!" అన్నట్టు ఆశ్చర్యం నటిస్తాడు. యాక్టింగ్ పరమ బేకార్. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఇరవై ఏళ్లుగా ఖబర్లు రాస్తున్నవాణ్ని, గొంతులో ఏదో అడ్డుపడింది. అందరికీ తెలిసిన నిజాన్ని ఇప్పుడే చూసినట్టు నటిస్తే తప్ప అచ్చు వేయించలేని రోజులు నాకూ ఉన్నాయి.

చివర్లో క్లారిస్ తననూ తీసుకెళ్లమంటుంది. లూపిన్ చేతులు పైకి లేస్తాయి, వణుకుతాయి, ఆగిపోతాయి. తనలాంటి వాడి జిందగీ ఆ పిల్లకు వద్దనుకుంటాడు. ఖజానా దోచినా నోరెత్తనివాళ్లు కూడా ఆ హయా చూసి సలాం చేస్తారు.

తడి చేతులు దుపట్టాకి తుడుచుకుంటూ బేగం ఎప్పుడొచ్చి తలుపు దగ్గర నిలబడిందో నేను చూడలేదు.

"పాపం పిల్ల... తీసుకెళ్తే ఏం పోయిందట వాడికి?" అంది.