తీరిక వేళ: గాలం కర్ర సరే, దారం మాటేమిటి?

పోయిన సంచికలో గాలపు కర్రల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే ప్రశ్న. కర్ర కొన్నాం, రీలు కొన్నాం, దారం చూపించమంటే దుకాణం వాడు ఇరవై రకాలు ముందు పరిచాడు, ఏది తీసుకోవాలి అని. బరంపురం నుంచి ఒక సోదరి మరో అడుగు ముందుకేశారు. "మావారు నాలుగు వేల రూపాయల కర్రకి నలభై రూపాయల దారం చుట్టి, ఆదివారాలన్నీ వట్టి చేతులతో ఇంటికొస్తున్నారు. మీరైనా కాస్త చెప్పండి" అని రాశారు. ఆవిడ పట్టుకున్న లోపం అసలైన లోపమే. చేపకీ మనకీ మధ్య ఉన్న బంధం కర్ర కాదు, రీలూ కాదు, ఆ సన్నటి దారం ఒక్కటే. అది తెగితే మనకి పోయేది ఒక పూట వేడుక. చేపకి మాత్రం నోట్లో ముల్లు, వెనక వేలాడే బారెడు దారం మిగులుతాయి.

మా హోసూరు, రామనగరం వైపు పట్టుపురుగులు పెంచే కుటుంబాల వారికి ఒక ముచ్చట చెప్పాలి. నైలాన్ రాక ముందు దొరలు ముల్లు దగ్గర కట్టే తీగ పట్టుపురుగు నుంచే వచ్చేది. గూడు కట్టబోయే పురుగును వెనిగర్‌లో నానబెట్టి, దాని కడుపులోని పట్టు గ్రంథిని బయటికి తీసి సాగదీసేవారు. మూరెడు కన్నా పొడుగు ముక్క దొరకడం కష్టం కాబట్టి ఒకదానికొకటి ముడివేసుకుంటూ పోయేవారు. 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో పనిచేసే కారొథర్స్ నైలాన్ కనిపెట్టాక ఆ యాతన క్రమంగా తీరింది. ఇక్కడి తమిళులు ఈ దారాన్ని తంగూసి అంటారు. గాలాన్ని మాత్రం కన్నడిగులూ గాళ అనే అంటారు, మనకి దగ్గర చుట్టమే.

ఇప్పుడు బజారులో దొరికే ఇరవై రకాలూ నిజానికి మూడే జాతులు: ఒంటిపోగు నైలాన్, అల్లిక దారం, ఫ్లోరోకార్బన్. రంగులూ, పేర్లూ, డబ్బా మీద ఎగిరే చేప బొమ్మలూ చూసి కంగారు పడనక్కర్లేదు.

కొత్తగా మొదలుపెట్టే వారికీ, పిల్లలతో వెళ్ళే వారికీ నా ఓటు నైలాన్‌కే. చవక, ముడి బాగా పడుతుంది, చిక్కు పడినా విప్పుకోవచ్చు. పైగా సాగుతుంది. గట్టిగా లాగితే దాని పొడుగులో ఐదో వంతో, ఇంకాస్త ఎక్కువో సాగుతుంది. చేప హఠాత్తుగా గుంజినప్పుడు ఆ సాగుడే మనల్ని కాపాడుతుంది. దీనికి రెండు జబ్బులున్నాయి. నీళ్ళు పీల్చుకుని కొంత బలం కోల్పోతుంది. ఎండకి పెళుసెక్కుతుంది. కారు వెనక అద్దం కింద ఏడాది పాటు ఎండిన రీలులోని దారం పైకి కొత్తదానిలాగే ఉంటుంది, ముడి వేసి గుంజి చూస్తే పుటుక్కున తెగుతుంది. తరచుగా వెళ్ళేవారు ఏడాదికోసారి మార్చుకోవాలి.

డబ్బా మీద రెండు అంకెలు చూడండి: లావు మిల్లీమీటర్లలో, బలం పౌండ్లలో. పది పౌండ్లంటే సుమారు నాలుగున్నర కిలోలు. మంచి నైలాన్‌లో 0.25 మి.మీ. దారం నాలుగైదు కిలోలు, 0.35 మి.మీ. దారం ఎనిమిది తొమ్మిది కిలోలు ఓర్చుకోవడం మామూలు. అంతే లావు దారం మీద ఇరవై కిలోలని అచ్చువేసి ఉంటే నమ్మకండి. ఇంట్లోనే పరీక్ష చేయవచ్చు. రెండు బారల దారాన్ని ఓ గంట నీళ్ళలో నానబెట్టి, దూలానికి కట్టి, రెండో కొసకు బకెట్ వేలాడదీయండి. అడుగున జానెడు ఎత్తుకు మించి ఖాళీ వదలకండి, లేకపోతే ఇల్లు నీళ్ళమయమై ఇల్లాలి చేత చీవాట్లు తప్పవు. ఇక చెంబుతో కొలుచుకుంటూ నీళ్ళు పోయండి. లీటరు నీళ్ళంటే కిలో. తెగేసరికి పోసిన లీటర్లకు ఖాళీ బకెట్ బరువు కలుపుకుంటే ఆ దారం అసలు బలం, మీరు వేసిన ముడితో సహా, తెలిసిపోతుంది. మా మనవడికి లెక్కల పుస్తకం కన్నా ఈ బకెట్ మీదే గురి.

అయితే నాలుగు కిలోల దారంతో ఆరు కిలోల చేపను పట్టలేమా అంటే, భేషుగ్గా పట్టవచ్చు. నీళ్ళలో చేప బరువును నీరే చాలావరకు మోస్తుంది. దారం మీద పడేది దాని గుంజుడు మాత్రమే. రీలుకి డ్రాగ్ అనే బిగింపు మర ఉంటుంది కదా, దాన్ని దారం బలంలో నాలుగో వంతుకు సరిపెట్టుకోవాలి. ఎనిమిది కిలోల దారమైతే రెండు కిలోల లాగుడుకే రీలు జారి దారం వదలాలి. చేప పరుగెత్తి అలసిపోతుంది, దారం నిలుస్తుంది. ఒడ్డుకి తెచ్చాక మాత్రం దారం పట్టి పైకెత్తకండి, చేతివల వాడండి. వెదురు కర్రకి ఈ సౌకర్యం లేదు. వదలడానికి దారమే ఉండదు కాబట్టి, అదే చేపకి వెదురు మీద ఒకటి రెండు అంచెలు లావు దారం కట్టుకోవాలి.

చేపను బట్టి చెప్పమంటారా? పరకలకీ, జిలేబీలకీ 0.20 మి.మీ. చాలు. అంతకన్నా లావైతే బెండు సరిగ్గా ఆడదు, చిన్న చేప ముట్టినా తెలియదు. కృష్ణగిరి ఆనకట్టలాంటి చోట్ల బొచ్చె, శీలావతి కోసం కూర్చునేవారికి 0.30 నుంచి 0.35. ఆ నీళ్ళు దక్షిణ పినాకినివి. ఆ నదీ, మన నెల్లూరు వైపు పారే పెన్నా నందికొండల దగ్గరే పుట్టి చెరో దారి పట్టాయి. మనలాంటి సంసారమే అనిపిస్తుంది నాకు అక్కడ కూర్చున్నప్పుడల్లా. వాలుగ పడే చోట ముల్లుకి ముందు మూరెడు మేర ఇంకా లావు దారమో, సన్నటి ఉక్కు తీగో ఉండాలి. దాని పళ్ళు అలాంటివి.

కొర్రమీను కథ వేరు. తమిళులు విరాల్ అనే ఆ చేప తామరాకుల్లో, గుర్రపుడెక్కలో కాపురం ఉంటుంది. ముల్లు పడగానే కాడల్లోకి దూరి చుట్టేసుకుంటుంది. అక్కడ సాగే నైలాన్ పనికిరాదు, అల్లిక దారమే కావాలి. పాలిథిలీన్ పోగులను జడలా అల్లిన దారం అది. అదే లావు నైలాన్ కన్నా ఎంతో బలం, సాగుడు దాదాపు సున్నా. ముప్పై నుంచి యాభై పౌండ్లది కడితే ఆకుతో సహా చేపను ఈడ్చుకు రావచ్చు. దీనితో జాగ్రత్తలు మూడు. వేళ్ళకి చుట్టుకుని లాగితే కత్తిలా కోస్తుంది, గుడ్డో గ్లౌజో ఉండాలి. రాళ్ళకి రాసుకుంటే త్వరగా పీచులు లేస్తుంది. రీలు మీద నేరుగా చుడితే జారిపోతుంది కాబట్టి అడుగున కొంత నైలాన్ చుట్టి దాని మీద ఇది చుట్టండి, డబ్బూ కలిసొస్తుంది. ఎర్రటి పిల్లల గుంపు నీటి పైన తేలుతూ కనిపిస్తే మాత్రం గాలం వేయకండి. తల్లీతండ్రీ కిందే కాపలా ఉంటాయి. వాటిని పట్టుకుపోతే ఆ పిల్లలన్నీ ఇతర చేపలకి ఫలహారం.

ఫ్లోరోకార్బన్ ఖరీదైనది. నీళ్ళలో కనబడదని గొప్పగా చెబుతారు. కాంతిని వంచే గుణం నీటికి 1.33 అయితే దీనికి 1.42, నైలాన్‌కి 1.5 పైన. అంటే నైలాన్ కన్నా తక్కువ కనబడుతుందే తప్ప మాయమైపోదు. మన చెరువుల బురద నీళ్ళలో ఆ తేడాకి అంత డబ్బు పోయడం నాకు దండగ అనిపిస్తుంది. తేట నీళ్ళలో, రాళ్ళున్న ఏటిలో ముల్లు దగ్గర ఒక బారెడు కట్టుకుంటే చాలు. రాపిడికి బాగా ఆగుతుంది, త్వరగా మునుగుతుంది.

ఎంత మంచి దారమైనా ముడి దగ్గరే తెగుతుంది. మామూలు పీటముడి దారం బలాన్ని సగానికి దించేస్తుంది. నైలాన్‌కయితే కొసను ముల్లు కంటిలోంచి పోనిచ్చి, అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పి, కంటి పక్కన ఏర్పడ్డ చిన్న సందులోంచి తీసి, మళ్ళీ ఆ పెద్ద మెలికలోంచి దూర్చి బిగించాలి. బిగించే ముందు నాలుకతో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి దారం అక్కడే నీరసిస్తుంది. అల్లిక దారానికి ఇది జారుతుంది. దాన్ని రెండు పేటలు చేసి కంటిలో దూర్చి, వదులుగా ఒక ముడి వేసి, ఆ ఉచ్చులోంచి ముల్లును దాటించి లాగండి. గంటకోసారి చివరి బారెడు దారాన్ని గోళ్ళ మధ్య లాగి చూసుకోవాలి. గరుకు తగిలితే ఆ మేర కత్తిరించి మళ్ళీ ముడి వేయండి.

కత్తిరించిన ఆ ముక్క ఎక్కడ వేస్తున్నారు? మా ఊరి చెరువు గట్టున రెండేళ్ళ క్రితం ఒక గుడ్డికొంగ తుమ్మకొమ్మకు తలకిందులుగా వేలాడుతూ కనిపించింది. రెండు కాళ్ళకీ నైలాన్ చుట్టుకుని ఉంది. మా బావమరిది కొమ్మ వంచితే నేను చిన్న కత్తెరతో దారం కోశాను. ఒక కాలు ఎముక దాకా తెగింది. ఎగరలేదు, సాయంత్రానికి చచ్చిపోయింది. కొక్కరెబెళ్ళూరులోనూ, నేలపట్టులోనూ గూళ్ళు పెట్టే గూడబాతులు మేతకి వాలేది ఇలాంటి చెరువుల్లోనే. నైలాన్ ముక్క కుళ్ళదు, ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. నా సంచిలో ఒక పాత కాఫీపొడి డబ్బా ఉంటుంది, ముక్కలన్నీ అందులోకే. ఇంటికొచ్చాక అంగుళం అంగుళం ముక్కలు చేసి చెత్తలో వేస్తాను. గట్టున ఇతరులు పారేసినవీ ఏరుకొస్తాను. పిల్లలకి ఆ పని అప్పగిస్తే పోటీ పడి ఏరుతారు.

చెరువులు చాలాచోట్ల పంచాయతీ వారో, మత్స్యశాఖ వారో గుత్తకి ఇచ్చి ఉంటారు. గుత్తదారుని అడిగి గాలం వేయడం మర్యాద. కావేరి మహసీర్ మీద ఆశపడే మైసూరు మిత్రులకి ఒక మాట. 1946లో వాన్ ఇంజెన్ కబినిలో 120 పౌండ్ల మహసీర్‌ను పట్టిన రోజులు పోయాయి. ఆ మూపు మహసీర్ అంతరించే అంచున ఉన్నదని 2018లో అంతర్జాతీయ జాబితాకెక్కింది. అభయారణ్యం నీళ్ళలో దానికి గాలం వేయాలని చూడకండి.

యానాం నుంచి రాసిన అన్నగారికి: గౌతమిలో మీ దారం ప్రతిసారీ ముల్లుకి జానెడు పైన తెగుతోందంటే అది పండుగప్ప పనే అయివుంటుంది. దాని మొప్పల అంచు బ్లేడులా ఉంటుంది. దారం మొత్తం మార్చకండి. చివర రెండు మూరలు నలభై పౌండ్ల ఫ్లోరోకార్బన్ కట్టి చూడండి.